పాట అందరిదీ.. కూలి ఎవరిది?

2024 మే నెలలో కొన్ని దృశ్యాలు ఫోన్లలో తిరిగాయి. హైదరాబాద్ శివార్లలోని తుర్కయాంజాల్ దగ్గర కడుతున్న ఒక బిల్డింగ్ వద్ద ఒక పెద్దాయన కూలి పని చేస్తున్నాడు. ఆయన దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగల సాయన్న కథ పాడే కళాకారుడు. అప్పటికి రెండేళ్ల ముందే, 2022లో, రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ అందుకున్నాడు. భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది.

ఆ దృశ్యాలు చూసి అందరూ అయ్యో అన్నారు. నెలనెలా వచ్చే పది వేల గౌరవ వేతనం ఆగిపోయిందని, ఆఫీసుల చుట్టూ తిరిగానని ఆయన చెప్పారు. గత ప్రభుత్వం ఇచ్చిన కోటి రూపాయలు పిల్లల పెళ్లిళ్లకు, ఇంటి స్థలానికి ఖర్చయ్యాయని, కట్టడం మొదలుపెట్టిన ఇల్లు మధ్యలోనే ఆగిందని కూడా ఆయనే చెప్పారు. వెంటనే ఒక వర్గం ‘కోటి ఇచ్చినా నిలుపుకోలేదు’ అని మొదలుపెట్టింది. ఇంకో వర్గం ‘ఈ ప్రభుత్వం ఆపేసింది’ అంది. పది రోజులకు అందరూ మరిచిపోయారు.

అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. మొగులయ్యకు అవార్డు వచ్చింది, నజరానా వచ్చింది, గౌరవ వేతనం వచ్చింది, ఆగింది. మరి ఆయన చేసిన పనికి కూలి ఎంత వచ్చింది? ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పాడిన పాటకు కూలి ఎవరు కట్టారు? ఈ ప్రశ్న ఒక్క మొగులయ్యది కాదు. గజ్జె కట్టి, గోసి పెట్టి, గొంగడి భుజాన వేసుకుని పాడే ప్రతి దళిత కళాకారుడిదీ, కళాకారిణిదీ.

ఆశ్రితం అనే పేరు

మొగులయ్య కుటుంబం డక్కలి కులానిది. డక్కలి వాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. కిన్నెర పట్టుకుని మాదిగవాడకు వచ్చి జాంబ పురాణం చెప్పాలి, వంశం గొప్ప చెప్పాలి, వాళ్లు పెట్టింది తీసుకుని పోవాలి. చిందు మాదిగలది చిందు యక్షగానం. బైండ్ల వాళ్లది జమిడిక. మాదిగలది డప్పు. ప్రతి వాద్యం వెనుక ఒక కులం ఉంది. ఆ కులానికి ఊరిలో ఒక స్థానం ఉంది. ఆ స్థానం ఊరి చివరే.

ఈ ఏర్పాటును కొందరు పాత రోజుల భద్రత అంటారు. కళాకారుడికి ఊరు తిండి పెట్టేది కదా అంటారు. నిజమే, పెట్టేది. కానీ అది కూలి కాదు. కూలి అయితే అడిగి తీసుకోవచ్చు, తక్కువైతే పని మానేయవచ్చు. ఆశ్రితంలో అడిగే హక్కు లేదు, మానేసే హక్కు అసలే లేదు. చావుకు డప్పు కొట్టనన్న మాదిగల మీద ఊళ్లు సాంఘిక బహిష్కరణ పెట్టిన ఉదంతాలు మనకు కొత్త కాదు. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెట్టి చేయించడాన్ని నేరం చేసింది. అయినా డప్పు దగ్గరికి వచ్చేసరికి అది వెట్టి కాదు, ‘ఆచారం’ అవుతుంది.

పాటను పనిగా చూడకపోవడానికి వేరు ఇక్కడే ఉంది. కులం చేయించిన పనికి కూలి లెక్క ఉండదు. వడ్రంగికైనా కుమ్మరికైనా చేసిన వస్తువు కంటికి కనిపిస్తుంది. పాట గాలిలో కలిసిపోతుంది. పాడినవాడి గొంతు పుండైతే అది ఎవరికీ కనిపించదు.

పాటతో బతికినవాళ్లు ఎందరు?

తెలంగాణ పాట గురించి మాట్లాడేటప్పుడు మనం పెద్ద పేర్లు చెప్పుకుంటాం. ఆ పేర్ల వెనుక ఉన్న ఉద్యోగాలు కూడా ఒకసారి చూద్దాం. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గద్దర్, పూర్తికాలం పాటలోకి పోవడానికి ముందు బ్యాంకు ఉద్యోగి. ‘ఊరు మనదిరా’ రాసిన గూడ అంజయ్య ఫార్మసిస్టు. గోరటి వెంకన్న ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ రాశారు. అందెశ్రీ బడి ముఖం చూడలేదు, గొడ్లు కాశారు, తాపీ పని చేశారు. భువనగిరి బెల్లి లలిత స్పిన్నింగ్ మిల్లులో కార్మికురాలు. తెలంగాణ పాట పాడినందుకు 1999లో ఆమెను చంపి ముక్కలు చేశారు.

వీళ్లలో పాట ఒక్కటే నమ్ముకుని ఇల్లు గడుపుకున్నవాళ్లు ఎందరో లెక్కేస్తే వేళ్ల మీద కూడా మిగలరు. జీతం ఒకచోట, పాట ఇంకోచోట. జీతం ఉన్నవాళ్లు నిలబడి రాయగలిగారు. జీతం లేనివాళ్లు సుతిల్ పట్టుకుని, పార పట్టుకుని, సందు దొరికినప్పుడు రాశారు. పేరు రాకముందే గొంతు పోయినవాళ్లు, పాట ఊళ్లో మిగిలి పేరు పోయినవాళ్లు లెక్కకు రారు.

ఇప్పటి తరం కళాకారుడి ఏడాది చూడండి. ఏప్రిల్‌లో జయంతులు. ఐదున జగ్జీవన్ రామ్, పదకొండున ఫూలే, పద్నాలుగున అంబేడ్కర్. ఆ పది రోజులు ఒక్కో రాత్రి రెండు మూడు సభలు. ఆషాఢంలో బోనాలు, ఆ తర్వాత గణేశ్ మండపాలు, బతుకమ్మ. ఎన్నికలు వస్తే ఒక నెల పండుగ. అభ్యర్థి పేరు పెట్టి పాత బాణీకి కొత్త మాటలు రాసివ్వాలి, రాత్రికి రాత్రే స్టూడియోలో పాడాలి, తెల్లారేసరికి ప్రచార బండి మీద మైకులో మోగాలి. పోలింగ్ అయిపోయాక బాకీ పైసల కోసం ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉండరు. ఓడినవాడు ‘ఓడిపోయాను కదా తమ్మీ’ అంటాడు. గెలిచినవాడు దొరకడు.

మిగతా నెలలు? ఆటో, హమాలీ, పెయింటింగ్ పని, ఉపాధి హామీ పని. బ్యాంకు లోను అడిగితే వృత్తి కాలమ్‌లో ఏం రాయాలో తెలియదు. గాయకుడు అని రాస్తే ఆదాయం చూపించమంటారు. చూపించడానికి రసీదు ఒక్కటీ ఉండదు. చేతిలో పెట్టిన నోట్లకు, కప్పిన శాలువాకు రసీదు ఎవరిస్తారు?

ఆడవాళ్లకు ఇంకో బరువు ఎక్కువ. రాత్రి పన్నెండింటికి సభ అయిపోతే తిరిగి వచ్చే బండి ఎవరు పెడతారు? స్టేజీ వెనుక బట్టలు మార్చుకునే చోటు ఉండదు. మూత్రానికి పోయే చోటు ఉండదు. పాట బాగుంటే ‘చెల్లె’ అంటారు, ఊళ్లో వెనుక ఇంకో మాట అంటారు. పెళ్లయ్యాక పాట మానేసినవాళ్లు ఇష్టపడి మానేశారని అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

బ్లూస్ నేర్పిన పాఠం

ఈ కథ మనొక్కళ్లదే కాదు. అమెరికా దక్షిణాన, మిసిసిపీ డెల్టా పత్తి చేలలో పాలుకు దున్నిన నల్లజాతి కూలీల గొంతులోంచి బ్లూస్ పుట్టింది. బానిసత్వం చట్టంలో పోయింది గానీ అప్పుల పద్దు పోలేదు. ఏడాదంతా చేను చేసినా దొర లెక్కల పుస్తకంలో బాకీయే తేలేది. ఆ బతుకే పాటైంది.

1941లో మడ్డీ వాటర్స్ స్టోవాల్ ప్లాంటేషన్‌లో పని చేస్తున్నప్పుడు, అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం తరఫున అలన్ లోమాక్స్ వచ్చి ఆయన పాటలు రికార్డు చేసుకున్నాడు. తన గొంతు తాను యంత్రంలో విన్నాకే, రెండేళ్లకు, మడ్డీ వాటర్స్ చేను వదిలి షికాగోకు పోయాడు. అక్కడా పగలు బండి తోలి, రాత్రి పాడాడు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులు ఇచ్చి, అవి అమ్ముడుపోక తిరిగి పొలం పనికి పోయాడు. 1963లో ఎవరో వెతుక్కుంటూ పోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. బిగ్ మామా థార్న్‌టన్ ‘హౌండ్ డాగ్’ పాడితే 1953లో పెద్ద హిట్ అయింది. తనకు మొత్తం మీద అందింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పేది. మూడేళ్లకు అదే పాట ఎల్విస్ ప్రెస్లీ పాడి దేశాన్ని ఊపేశాడు.

దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండాది ఇంకా ఘోరం. 1939లో ఆయన పాడిన ‘ంబూబె’ హక్కులను కంపెనీ పది షిల్లింగులకు తీసుకుంది. ఆ బాణీయే అమెరికా చేరి ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అయింది, తర్వాత డిస్నీ సినిమాకూ ఎక్కింది. లిండా 1962లో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన బిడ్డలకు 2006లో గానీ న్యాయం దక్కలేదు, అదీ కోర్టుకు ఎక్కాకే.

వీళ్లెవరికీ పొగడ్తలు తక్కువ కాలేదు. బ్లూస్ లేకపోతే రాక్ సంగీతమే లేదని ప్రపంచం ఒప్పుకుంది. తక్కువైంది కాగితం. ఎవరి పాట, ఎవరికి ఎంత వాటా, ఎన్నేళ్లకు అని రాసుకున్న కాగితం ఎవరి చేతిలో ఉందో, డబ్బు వాళ్ల దగ్గరికే పోయింది.

యూట్యూబ్ కాలపు కచ్చీరు

ఇవాళ జానపదం ఎక్కువగా వినబడేది యూట్యూబ్‌లో. డీజేలో మోగని ఊరు లేదు, పెళ్లి లేదు. ఒక్కో పాటకు కోట్లలో వ్యూస్. చూసేవాళ్లు ‘వీళ్లకు బాగా పైసలు వస్తున్నాయి’ అనుకుంటారు.

వ్యూస్ డబ్బు ఛానెల్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే పోతుంది. రాసినవాడికి, పాడినామెకు చాలాసార్లు దక్కేది ఒక్కసారి ఇచ్చే మొత్తం. అది కూడా నోటి మాట మీద. పాట ఆడకపోతే నష్టం ఛానెల్‌ది, ఒప్పుకుందాం. ఆడితే లాభం కూడా ఛానెల్‌దే. రేపు అదే గాయని ఏదో సభలో తన పాటే పాడి, ఆ వీడియో తన ఫోన్లోంచి పెట్టుకుంటే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది. తన పాటకు తానే దొంగ అవుతుంది.

ఇంకో మాయమాట ‘సేకరణ’. పాట కింద రచన అన్నచోట సేకరణ అని వేస్తారు, లేదా జానపదం అని వేస్తారు. ఎవరి దగ్గర సేకరించారు? ఏ ఊళ్లో? నాట్లు వేస్తూ పాడిన ఏ అమ్మ దగ్గర? ఆ వివరం ఉండదు. నిజంగా వందేళ్లుగా జనం నోళ్లలో నానిన పాటలు ఉన్నాయి, కాదనడం లేదు. కానీ నలభై ఏళ్ల కింద ఒక దళిత కవి కట్టిన పాట కూడా అదే సంచిలో పడిపోతోంది. 2021లో ‘సారంగ దరియా’ సినిమాలోకి వచ్చినప్పుడు రచన ఎవరిది, సేకరణ ఎవరిది, పేరు ఎవరిది అన్న వాదన ఎంత నడిచిందో గుర్తుండే ఉంటుంది. సినిమా పెద్దది కాబట్టి ఆ వాదన బయటికి వచ్చింది. బయటికి రానివి ఎన్నో.

తమిళనాట అరివు ఉదంతం ఇంకా సూటిగా చెబుతుంది. తేయాకు తోటల కూలీలైన తన పూర్వీకుల కథ నుంచి ‘ఎంజాయ్ ఎంజామి’ రాసి, పాడాడు ఆ దళిత యువకుడు. 2021లో అది దేశాలు దాటింది. అదే ఏడాది ఒక పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పేరు చెప్పి వేరేవాళ్ల ఫోటోలు వేశారు, అరివు లేడు. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ వేదిక మీద ఆ పాట పాడినప్పుడూ అతను లేడు. 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ బయటికి వచ్చి, ఆ పాట మీద తమకు ఇంతవరకు ఆదాయమే అందలేదని చెప్పాడు. ఇంత పేరున్నవాళ్ల గతే ఇదైతే, మండల కేంద్రంలో స్టూడియో మెట్లెక్కే పిల్లవాడి గతేంటి?

చట్టం మన పక్కనే ఉంది, మన చేతిలో లేదు

నిజానికి చట్టం అంత అన్యాయంగా లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటి మాట చెల్లదు. ఎన్నేళ్లకు ఇచ్చారో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే.

2012 సవరణ ఇంకా ముఖ్యమైనది. సినిమాలోనైనా, విడి రికార్డింగ్‌లోనైనా వాడిన పాటకు రచయితకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. సినిమా హాల్లో ఆ సినిమాతోపాటు వినిపించినదానికి మాత్రం ఇది వర్తించదు. ఈ రాయల్టీ హక్కును వదులుకున్నామని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసే సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వలేరు. పాడినవాళ్లకు కూడా ప్రదర్శకుల హక్కు కింద వ్యాపార వాడకంలో రాయల్టీ ఉంది. రచయితలకు, సంగీతకారులకు ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ఉంది. సినిమా వాళ్లు అందులో ఉన్నారు. మన వాడల్లో పాట కట్టేవాళ్లలో ఎందరికి ఆ పేరు తెలుసు?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు చాలా ఉన్నాయి, అవి వేరే చర్చ. కానీ వృత్తి భద్రత కోడ్‌లో ఆడియో విజువల్ కార్మికులు అనే నిర్వచనంలోకి గాయకులు, సంగీతకారులు, నాట్యకారులు వస్తారు. డిజిటల్ నిర్మాణాలు కూడా వస్తాయి. రాత ఒప్పందం లేకుండా వాళ్లను పనిలో పెట్టుకోకూడదని ఆ కోడ్ చెబుతోంది. చట్టం గాయకుడిని కార్మికుడు అని పిలిచినప్పుడు, ఆ మాట పట్టుకుని అడగాల్సింది మనమే.

సర్కారు ఇచ్చేది దయా, జీతమా?

తెలంగాణ వచ్చాక ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది ఉద్యమ కళాకారులకు జీతాలిచ్చింది. పాటకు నెల జీతం అన్న ఆలోచన మంచిది. దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఎన్నో ఇళ్లలో దాని వల్లే పిల్లలు చదువుకున్నారు. కానీ ఆ జీతం ప్రభుత్వ పథకాలు పాడేందుకు. నిన్నటిదాకా దొరను నిలదీసిన గొంతు ఇవాళ పథకం పేరు రాగం తీయాలి. ఎంపిక కాని వేల మంది సంగతి అటుంచి, ఎంపికైనవాళ్లకు ప్రశ్నించే పాట ఖరీదైపోయింది.

2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో అందెశ్రీ రాసిన పాట రాష్ట్ర గీతమైంది. డిసెంబర్‌లో తొమ్మిది మంది కవులు, కళాకారులకు ఇంటి స్థలం, కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. 2025లో గద్దర్ పేరు మీద సినిమా అవార్డులిచ్చారు. ఆ నవంబర్ 10న అందెశ్రీ పోతే అధికార లాంఛనాలతో సాగనంపారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు 2024 నుంచి నెలకు 4 వేల పింఛను ఇస్తున్నారు.

ఇవన్నీ అందాల్సినవే. అయితే ఒక తేడా గమనించాలి. అవార్డు ఒకరికి వస్తుంది, కూలి రేటు అందరికీ వర్తిస్తుంది. అవార్డు ఇచ్చేవాడి ఇష్టం, కూలి చేసినవాడి హక్కు. ప్రభుత్వం మారితే గౌరవ వేతనం ఆగవచ్చునని మొగులయ్య మాటల్లో విన్నాం. దొర గడప ముందు నిలబడ్డ ఆశ్రితుడికి, ఆఫీసు గడప ముందు నిలబడ్డ పద్మశ్రీకి తేడా ఎంత?

ముందు మన వేదికలు

ఇప్పుడు మనకే చేదుగా ఉండే మాట. ప్రభుత్వాన్ని, ఛానెళ్లను, సినిమా వాళ్లను అడిగే ముందు మన సభలను మనం అడగాలి. అంబేడ్కర్ జయంతికి డీజేకు ముందే అడ్వాన్సు ఇస్తాం. టెంటుకు, ఫ్లెక్సీకి, లైటింగ్‌కు రేటు మాట్లాడతాం. పాడేవాళ్లకు మాత్రం ‘అన్నా, మన సభే కదా, రెండు పాటలు పాడి పో’ అంటాం. వక్త వచ్చేదాకా జనం కూర్చోవాలంటే వాళ్లే కావాలి. వక్త వచ్చి మైకు అందుకున్నాక వాళ్లు స్టేజీ దిగి కింద కూర్చోవాలి. చివరికి శాలువా, మెమెంటో, దారి ఖర్చులు. ఇంట్లో శాలువాలు గుట్ట పడతాయి, బియ్యం డబ్బా ఖాళీగా ఉంటుంది.

ఉద్యమానికి పాడేటప్పుడు పైసలు అడగడం తప్పు అనే భావన మన కళాకారుల్లోనూ ఉంది. ఆ నిబద్ధత గొప్పదే. కానీ ఆ నిబద్ధత మీద బతికేది ఎవరు? అంబేడ్కర్ కులాన్ని శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్నాడు. మన వేదిక మీదే మాట్లాడేవాడు మేధావి, పాడేవాడు ఆటవిడుపు అయితే ఆ విభజనను మనమూ మోస్తున్నట్టే.

చేయగలిగినవి పెద్దవేమీ కావు. ప్రతి జయంతి కమిటీ తన పద్దులో కళాకారుల కూలి అని ఒక గీత గీయాలి. ఎంతో ముందే చెప్పాలి, సభ రోజే ఇవ్వాలి, రసీదు రాయాలి. ఆ రసీదే రేపు లోనుకు, గుర్తింపు కార్డుకు ఆధారం. ఆడవాళ్లను పిలిస్తే ఇంటికి చేర్చే బాధ్యత కమిటీదే. మన లాయర్లు, చదువుకున్న పిల్లలు కలిసి తెలుగులో ఒక పేజీ ఒప్పంద పత్రం తయారుచేసి ప్రతి కళాకారుడి చేతిలో పెట్టాలి. పాట పేరు, రాసినవారి పేరు, ఎన్నేళ్లు, వాటా ఎంత, నాలుగు గళ్లు చాలు. ఊళ్లలో పెద్దవాళ్లు పాడే పాటలను వాళ్ల పేరు, ఊరు, తేదీ చెప్పించి ఫోన్లో రికార్డు చేసి దాచాలి. రేపు ఎవరో సేకరణ అంటే చూపడానికి అది సాక్ష్యం. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇంకో అవార్డు కాదు. సాంస్కృతిక శాఖ పిలిచే ప్రతి కార్యక్రమానికి కనీస రేటు ప్రకటించాలి, నెలలోపు ఖాతాలో వేయాలి.

మొగులయ్య కిన్నెర ఒకప్పుడు ఊరూరా తిరిగి గింజలు అడుక్కుంది. తర్వాత రాష్ట్రపతి భవన్ దాకా పోయింది. ఆ రెండింటి మధ్య పోవాల్సిన చోటు ఇంకోటి ఉంది, కూలి అడిగి తీసుకునే చోటు. వచ్చే ఏప్రిల్ 14కు మన వాడలో మైకు కట్టేటప్పుడు ఆ లెక్క మొదలుపెడదాం.